పిల్లి గిన్నె చుట్టూ కందిరీగలు: పిల్లలకూ పిల్లికీ ప్రమాదం లేకుండా ఏం చేయాలి?



మన పిల్లల్లో చాలామందికి ఒక పిల్లితో స్నేహం ఉంటుంది. అది ఇంట్లో పెంచుకునే పిల్లే కానక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద పడుకునేదో, ప్రహరీ గోడ మీద నడుచుకుంటూ వచ్చేదో, మేడ మెట్ల కింద పిల్లలు పెట్టినదో ఏదో ఒకటి. స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ సోఫాలో పడేసి, చేప ముక్కో పాలన్నమో పట్టుకుని కిందికి పరుగెత్తే పాపనో బాబునో మీరు చూసే ఉంటారు. మాటలు రాని ప్రాణి ఆకలిని గుర్తించడం మంచి గుణం. అది నిలబడాలి.

అయితే ఒకరోజు ఆ గిన్నె చుట్టూ కందిరీగలు కనిపిస్తాయి. మొదట ఒకటి, మర్నాటికి నాలుగు. పిల్లి దూరంగా కూర్చుని చూస్తుంటుంది. పాప ధైర్యం చేసి చేత్తో తోలబోతుంది. అప్పుడు పెద్దవాళ్లం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. "ఇక పిల్లికి ఏమీ పెట్టొద్దు" అంటాం, లేదా పురుగుల మందు తెచ్చి కొడతాం. మొదటిది పిల్లల మనసు నొప్పిస్తుంది. రెండోది పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. నిజానికి రెండూ అక్కర్లేదు. కందిరీగ అక్కడికి ఎందుకు వస్తోందో తెలుసుకుని, గిన్నె పెట్టే పద్ధతి మార్చుకుంటే చాలావరకు సమస్య తీరిపోతుంది.

కందిరీగకు పిల్లి తిండితో పనేమిటి?

భ్రమరకీట న్యాయం గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. భ్రమరం ఒక పురుగును తన మట్టిగూటిలోకి తెచ్చి, దాని చుట్టూ ఝుంకారం చేస్తూ తిరిగితే ఆ పురుగే భ్రమరంగా మారిపోతుందని పూర్వం అనుకునేవారు. అసలు జరిగేది వేరు. తల్లి కందిరీగ గొంగళిపురుగును కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లకు ఆహారంగా గూట్లో పెడుతుంది. కొన్నాళ్లకు ఆ పిల్ల పెరిగి బయటికి వస్తుంది. చూసేవారికి పురుగే కందిరీగ అయినట్టు అనిపిస్తుంది.

మన పిల్లి గిన్నె రహస్యం కూడా ఇదే. ఎదిగిన కందిరీగ నడుము చాలా సన్నం. అది గట్టి ఆహారం మింగలేదు. పూలలోని మకరందం, పండ్ల రసం, బెల్లం పాకం లాంటి తియ్యటి ద్రవాలతోనే బతుకుతుంది. కానీ గూట్లో పెరిగే దాని పిల్లలకు మాంసకృత్తులు కావాలి. గుంపుగా గూడు కట్టుకునే కందిరీగలు వాటి కోసం పురుగుల్ని వేటాడతాయి. కొన్ని జాతులు చేపల మార్కెట్‌లో, మాంసం దుకాణంలో దొరికే చిన్న తునకల్ని కొరికి తీసుకెళ్తాయి. పిల్లికి పెట్టిన చేప, చికెన్, ప్యాకెట్‌లో వచ్చే తడి ఆహారం వాటికి వేట శ్రమ లేని విందు.

ఇంకో సంగతి. తిండి దొరికిన చోటును కందిరీగ గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. రోజంతా ఒకే చోట గిన్నె ఉంచడమంటే దానికి రోజూ పిలుపు పంపినట్టే.

గిన్నె దగ్గర మార్చుకోవాల్సినవి

1. వేళ మార్చండి. కందిరీగలు ఎక్కువగా పగటి వెలుతురులోనే తిరుగుతాయి. పిల్లులు తెల్లవారుజామున, మసక చీకటి వేళ చురుగ్గా ఉంటాయి. కాబట్టి ఉదయం స్కూల్ బస్ రాకముందు, ఎండ ఎక్కక ముందే ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి పెట్టండి. చీకటి పడ్డాక వెళ్తే చెప్పులు, టార్చ్ లైట్, పక్కన ఒక పెద్దవారు తప్పనిసరి.

2. గిన్నె వదిలేసి రావద్దు. పిల్లి తినడానికి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. తినగానే, తినకపోయినా సరే, గిన్నె తీసేయండి. అన్నిటికంటే బాగా పనిచేసే సూత్రం ఇదే. వేళకే తిండి దొరుకుతుందని పిల్లి కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది.

3. తక్కువ పెట్టండి. ఒక్కసారికి ఎంత తింటుందో అంతే. మిగిలిన తడి ఆహారం ఎండకు త్వరగా పాడవుతుంది, వాసన దూరం వెళ్తుంది. పగలు పెట్టక తప్పకపోతే పొడి గుళికల ఆహారం మేలు. దాని వాసన తక్కువ.

4. చోటు కడగండి. కింద పడిన మెతుకులు, చేప ముళ్లు ఏరేసి, గిన్నెనూ నేలనూ సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీళ్లు పోయండి.

5. చోటు మార్చండి. కందిరీగలు ఇప్పటికే అలవాటు పడి ఉంటే, గిన్నెను కొన్ని మీటర్ల దూరంలో నీడపట్టుకు మార్చండి. పాతచోట ఏమీ దొరకకపోతే రాకపోకలు తగ్గుతాయి.

6. నీళ్ల సంగతి చూడండి. చీమలు పట్టకుండా గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టడం మనకు అలవాటు. చీమలకు అది అడ్డే, ఎగిరే కందిరీగకు కాదు. పైగా ఎండాకాలంలో అవి నీళ్ల కోసం కూడా వస్తాయి. పిల్లికి తాగే నీళ్లు తప్పకుండా ఉండాలి గానీ తిండి గిన్నెకు దూరంగా, నీడలో పెట్టండి.

7. చుట్టుపక్కల చూడండి. మూతలేని చెత్తబుట్ట, రాలి కుళ్లిన మామిడి, జామ పండ్లు, కడగని జ్యూస్ సీసాలు ఉంటే, గిన్నె ఎంత శుభ్రంగా ఉన్నా కందిరీగలు వస్తూనే ఉంటాయి.

వీటి జోలికి వెళ్లకండి

కందిరీగలకని మనం వాడే చాలా వస్తువులు కందిరీగ కంటే పిల్లికే ఎక్కువ హాని చేస్తాయి. కొన్ని రసాయనాలను మన కాలేయం విడగొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి బాగా తక్కువ. పైగా పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూ ఉంటుంది. నేల మీద చల్లింది పాదాలకు అంటుకుని నేరుగా కడుపులోకి చేరుతుంది.

ఇళ్లలో వాడే చాలా పురుగుల స్ప్రేలలో పైరెత్రాయిడ్ రకం మందులుంటాయి. వాటిలో పెర్మెత్రిన్ పిల్లులకు చాలా ప్రమాదకరం. వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. నేల తుడిచే ఫినాయిల్, బట్టల్లో పెట్టే కలరా ఉండలు, కర్పూరం కూడా పిల్లికి విషమే. "సహజమైనవి" అని నమ్మి లవంగ నూనె, పుదీనా నూనె, యూకలిప్టస్ నూనె గిన్నె చుట్టూ రాసేవారున్నారు. ఈ గాఢమైన నూనెలు కూడా పిల్లులకు పడవు. సహజమైనదంతా అందరికీ క్షేమం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బెల్లం నీళ్ల సీసాతో ఉచ్చు పెట్టడం కూడా మంచిది కాదు. ఆ తీపికి తేనెటీగలూ వచ్చి పడతాయి, కొత్త కందిరీగలూ వస్తాయి.

గూడు కనిపిస్తే

గిన్నె దగ్గరికి ఒకటీ అరా రావడం వేరు, దగ్గర్లోనే గూడు ఉండటం వేరు. సన్‌షేడ్ కింద, ఏసీ బయటి యూనిట్ వెనక, వాటర్ ట్యాంక్ మూతల దగ్గర, చెట్టు కొమ్మల్లో దూరం నుంచే చూడండి. పిల్లల్ని వెతకమనకండి.

గోడ మూలల్లో మట్టితో గూడు కట్టేవి ఒంటరి కందిరీగలు. అవి మనుషుల జోలికి రావడం అరుదు. కాగితం లాంటి పదార్థంతో గదులు గదులుగా గూడు కట్టుకుని గుంపుగా ఉండేవి గూటికి ముప్పు అనిపిస్తే కుడతాయి. రెండు, మూడు సెంటీమీటర్ల పొడవుండి, పొట్ట మీద పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగల గూడు అయితే అస్సలు దగ్గరికి వెళ్లకూడదు.

కందిరీగల తుట్టెను కదిపినట్టు అనే మాట ఊరికే పుట్టలేదు. రాళ్లు వేయడం, పొగ పెట్టడం, కిరోసిన్ గుడ్డతో కాల్చడం చేయకండి. కొన్ని జాతుల్లో ఒక కందిరీగను నలిపితే వెలువడే వాసనే మిగతావాటిని దాడికి రెచ్చగొడుతుంది. గూడు పిల్లలు తిరిగే చోట ఉంటే అసోసియేషన్‌కు చెప్పి, అనుభవమున్న పెస్ట్ కంట్రోల్ వారిని పిలిపించండి. ఆ పని జరిగేటప్పుడు పిల్లలూ పిల్లీ దూరంగా ఉండాలి. ఎవరికీ అందనంత ఎత్తులో, ఎవరూ తిరగని చోట ఉంటే వదిలేయండి. పంటల మీది గొంగళిపురుగుల్ని తగ్గించే మేలు కూడా కందిరీగలు చేస్తాయి.

పిల్లలకు నేర్పాల్సినవి

కందిరీగ దగ్గరికొస్తే చేతులు ఊపకూడదు, నోటితో ఊదకూడదు. నెమ్మదిగా వెనక్కి నడవాలి. ఒకేసారి చాలా లేస్తే మాత్రం తల, ముఖం కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలి. కందిరీగలు ఉన్న గిన్నెను ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవాలి. పిల్లికి తిండి పెట్టేటప్పుడు చెప్పులు వేసుకోవాలి, వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లి తింటున్నప్పుడు దాన్ని పట్టుకోకూడదు. పిల్లి కరిచినా గీరినా దాచకుండా వెంటనే చెప్పాలి. ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌కు చూపించాలి.

కుడితే

తేనెటీగ కుడితే ముల్లు చర్మంలో ఉండిపోతుంది. కందిరీగ ముల్లు సాధారణంగా ఉండిపోదు, అందుకే అది మళ్లీ మళ్లీ కుట్టగలదు. ముందు పిల్లల్ని ఆ చోటు నుంచి తీసుకెళ్లండి. సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టండి. చేతి మీద కుడితే వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసేయండి. సున్నం రాయడం, ఇనుము రుద్దడం మన ఇళ్లలో అలవాటే. సున్నం లేత చర్మాన్ని కాలుస్తుంది, తుప్పు ఇనుముతో గాయం చెడవచ్చు. రెండూ వద్దు.

కాస్త నొప్పి, ఎరుపు, వాపు మామూలే. కానీ పెదవులు, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, వాంతులు, కళ్లు తిరగడం కనిపించినా అది తీవ్రమైన అలర్జీ. ఇంట్లో వేచి చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. నోట్లో, గొంతులో కుట్టినా, ఒకేసారి చాలా కందిరీగలు కుట్టినా, పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కువ విషం ఒంట్లో చేరితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మీ పిల్లలకు ఇలాంటి అలర్జీ ఉన్నట్టు ముందే తెలిస్తే క్లాస్ టీచర్‌కూ బస్ అటెండర్‌కూ తప్పక చెప్పండి.

పిల్లిని కుడితే ముఖమో పాదమో వాస్తుంది. ఊపిరి కష్టంగా తీసినా, వాపు పెరుగుతున్నా పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మన మాత్రలు మాత్రం వేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

అపార్ట్‌మెంట్‌లో అయితే

కందిరీగల పేరుతో మొదలైన మాట చివరికి "అసలు పిల్లులకు పెట్టొద్దు" అనే గొడవగా మారడం చూస్తుంటాం. ముందే నలుగురూ కూర్చుని చోటు, వేళ అనుకుంటే మంచిది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ముఖ్యంగా వీధి కుక్కలను దృష్టిలో పెట్టుకున్నవే అయినా, అవి చెప్పే పద్ధతి పిల్లులకూ సరిపోతుంది. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ, మెట్లకూ, రాకపోకల దారులకూ దూరంగా ఉండాలి. వేళ కూడా పిల్లలు, వృద్ధులు ఎక్కువగా తిరగని సమయం కావాలి. పెట్టినవారే చోటు శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

ఈ వారం ఇంట్లో చేసి చూడండి

మీ పిల్లలతో ఒక చిన్న పట్టిక గీయించండి. ఏడు రోజులు, రోజుకు రెండు వరుసలు: గిన్నె ఎన్ని నిమిషాలు బయట ఉంది, ఎన్ని కందిరీగలు వచ్చాయి. మొదటి మూడు రోజులు పాత పద్ధతి, మిగతా నాలుగు రోజులు కొత్త పద్ధతి. లెక్క పెట్టేది కిటికీ లోపలి నుంచో, పెద్దవారి పక్కన దూరంగా నిలబడో మాత్రమే. వారం చివర ఆ పట్టికను క్లాస్ టీచర్‌కు చూపించమనండి. సమస్య వచ్చినప్పుడు భయపడి మానేయడం, కోపంతో చంపడం కాకుండా, చూసి, కారణం తెలుసుకుని, మన పద్ధతి మార్చుకోవడం అనే మూడో దారి ఒకటుందని పిల్లలు తమ లెక్కతోనే తెలుసుకుంటారు. పిల్లి కడుపు నిండుతుంది, పాప చేయీ క్షేమంగా ఉంటుంది.