ముల్లు సున్నా మీదే ఉంది.. మరి తప్పెక్కడ?

మీ ఇంట్లో బీపీ మిషన్ ఉందా? బ్యాటరీతో నడిచేది కాదు, రబ్బరు బల్బ్ నొక్కితే గుండ్రటి గేజ్‌లో ముల్లు తిరిగే రకం. ఉంటే ఒకసారి బయటకు తీయండి. ముల్లు ఎక్కడుంది? సున్నా దగ్గరే ఉందంటారా? మాదీ అక్కడే ఉండేది. ఆ మిషన్‌ను నమ్మే మా అమ్మకు అక్కర్లేని డోసు పడింది. దాన్ని ‘బాగుచేసిన’ ఘనత నాదే. ఇంజినీరింగ్ చదివిన కొడుకుని కదా!

మాది హనుమకొండ. అమ్మకు బీపీ మొదలయ్యాక రోజూ ఇంట్లో చూసి నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నారు డాక్టర్. నర్సింగ్ చదువుతున్న మా పిన్ని కూతురు పక్క వీధిలోనే ఉంటుంది. సాయంత్రం వచ్చి చూసి రాసి వెళ్లేది. ఒకరోజు మిషన్ బీరువా మీంచి కింద పడింది. గాలి కొట్టకుండానే ముల్లు 6 దగ్గర ఆగిపోయింది. నేను గేజ్ అద్దం తీసి, ముల్లు ఊడబెరికి, సున్నా మీదకు తెచ్చి నొక్కేశాను. ఐదు నిమిషాల పని. సర్వీసింగ్ డబ్బులు మిగిలాయని సంబరపడ్డాను కూడా.

తర్వాత రీడింగులు 150/96 దగ్గర తిరగడం మొదలైంది. నోట్‌బుక్ చూసి డాక్టర్ డోసు పెంచారు. రెండు వారాల్లో 124కి దిగింది. భేష్ అనుకున్నాం. కానీ అమ్మ మాత్రం, ‘కూసున్నకాడికి మంచిగనే ఉంటుంది బిడ్డా, లేస్తేనే కండ్లు తిరుగుతున్నయ్’ అనేది. ఒకరోజు పొద్దున బాత్రూమ్ గడప దగ్గర తూలి గోడ పట్టుకుంది. పడలేదు, అంతే.

ఈసారి డాక్టర్ మిషన్‌ను కూడా తెమ్మన్నారు. ఆయన మిషన్‌లో 114, మా దాంట్లో 124. నిలబెట్టి చూస్తే ఇంకా తక్కువ. ‘డోసు పాతదానికే తగ్గిస్తున్నా. ఇన్నాళ్లు రాసిన రీడింగులు పక్కన పెట్టేయండి’ అన్నారు. ఇంటికొచ్చేదాకా నా నోట మాట లేదు.

తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడు...

ఎంజీఎం ఆస్పత్రి దగ్గర సర్జికల్ షాపులో ఒక పెద్దాయన ఉంటారు. కఫ్‌లు కుట్టించడం, వాల్వులు మార్చడం ఆయనకు కొట్టిన పిండి. గేజ్ చేతిలో పెట్టి, ముల్లు సున్నాకే వస్తోంది కదా అన్నాను. ఆయన నవ్వారు. ‘తక్కెడ ఖాళీగున్నప్పుడు సమంగనే ఉంటది తమ్మీ. బియ్యం పోసినంక చూడాలె.’

ఆ మాటతో నాకు ఇంటర్ లెక్కలు గుర్తొచ్చాయి. సరళరేఖ సమీకరణం y = mx + c. నేను సరిచేసింది c మాత్రమే. కింద పడ్డప్పుడు చెడింది m కూడా.

గేజ్ లోపల ఏముంటుందో తెలిస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. పలుచటి లోహంతో చేసిన, ముడతలున్న చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. కఫ్‌లోంచి వచ్చే గాలికి అది వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఆ కాస్త కదలికను ఒక మీట అందుకుని పళ్ల చక్రానికి ఇస్తుంది, చక్రం ముల్లును తిప్పుతుంది. సన్నటి స్ప్రింగ్ ముల్లును వెనక్కి లాగుతుంటుంది. మీట కొంచెం వంగినా, డబ్బీ సొట్టపడినా ప్రతి మెట్టులోనూ ముల్లు ఎక్కువో తక్కువో తిరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ తప్పూ పెరుగుతుంది. దీన్ని అనెరాయిడ్ గేజ్ అంటారు, అంటే ద్రవం లేనిదని.

పాదరసం మిషన్‌లో ఈ గొడవ తక్కువ. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచీ చేతికి కట్టే పట్టీని పాదరసం గొట్టానికి కలిపాడు. 1905లో రష్యా సర్జన్ కొరొత్కోవ్ మోచేతి దగ్గర స్టెతస్కోప్ పెట్టి వినే పద్ధతి చెప్పాడు. 120 అంటే అక్షరాలా 120 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసం. అందులో అరిగే చక్రాలు లేవు. కానీ అది విషం. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. పాత మిషన్ మీ ఇంట్లో ఉంటే విప్పకండి. పగిలితే చీపురుతో ఊడ్చొద్దు, వాక్యూమ్ క్లీనర్ అస్సలు వద్దు.

గోడకు వేలాడిన లెవల్ పైపు

గేజ్‌ను దేనితో పోల్చాలి? ల్యాబుల్లో క్యాలిబ్రేషన్ చేసిన డిజిటల్ మానోమీటర్ ఉంటుంది. నా దగ్గర లేదు. కానీ పాదరసం చేసే పనిని నీళ్లూ చేస్తాయి, కాకపోతే 13.6 రెట్లు ఎత్తు కావాలి. 100 మి.మీ. పాదరసానికి సుమారు 136 సెంటీమీటర్ల నీళ్లు. 150కి 204.

మేస్త్రీలు నేల మట్టం చూడటానికి వాడే పారదర్శక లెవల్ పైపు ఏడెనిమిది మీటర్లు తెచ్చాను. మేడ మెట్ల గోడకు ‘యు’ ఆకారంలో కట్టి, రెండు వైపులా సగం దాకా రంగు నీళ్లు పోశాను, మధ్యలో గాలి బుడగలు లేకుండా. ఒక చివర తెరిచే ఉంచాలి. రెండో చివరను టి-కనెక్టర్‌తో గేజ్‌కు, కఫ్‌కు, బల్బ్‌కు కలపాలి. కఫ్‌ను గట్టి డబ్బాకు చుట్టాలి. బల్బ్ మెల్లగా నొక్కుతుంటే ఒకవైపు నీళ్లు దిగి, రెండోవైపు ఎక్కుతాయి. రెండు మట్టాల మధ్య తేడాను టేపుతో కొలవాలి. పైపు ఎంత లావుందన్నది లెక్కలోకి రాదు, ఎత్తే లెక్క. వరంగల్ ఎండకు నీటి సాంద్రత కాస్త తగ్గినా, ఆ తేడా 150 దగ్గర ఒక మి.మీ. పాదరసానికి అటూఇటుగానే ఉంటుంది. గాలి ఒక్కసారిగా వదిలితే మాత్రం నీళ్లు ఎగిసి గేజ్‌లోకి పోతాయి, జాగ్రత్త.

నీటి లెక్క ప్రకారం 50 ఉన్నప్పుడు మా గేజ్ 54 చూపింది. 100కి 108. 150కి ఏకంగా 163. సున్నా దగ్గర మాత్రం సున్నా! చేత్తో కొట్టే మిషన్లకు ఉన్న ఐఎస్‌ఓ 81060-1 ప్రమాణం ఒప్పుకునే తేడా 3 మి.మీ. మాత్రమే. అమ్మకు 150 అని నేను రాసిన రోజున నిజానికి ఉన్నది 138. ఆ పన్నెండుకే డోసు పెరిగింది.

ఈ పైపు నేర్చుకోవడానికి, అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది. ఆస్పత్రి మిషన్‌కు దీంతో సర్టిఫికెట్ ఇవ్వలేం. గేజ్ బాగుచేయనా అని పెద్దాయనను అడిగితే, ‘దండగ పని, కొత్తది పెట్టుకో’ అన్నారు. పెట్టుకున్నా. కొత్త గేజ్‌ను కూడా పైపుకు తగిలించాకే అమ్మ చేతికి కట్టాను.

గాలి ఎక్కడ పోతోంది?

గేజ్ తర్వాత ఎక్కువ తిప్పలు పెట్టేది లీకు. గాలి తనంతట తానే జారిపోతుంటే, సెకనుకు 2-3 మి.మీ. చొప్పున ముల్లును దింపుతూ శబ్దం వినడం కుదరదు. పరీక్ష తేలికే. డబ్బాకు చుట్టిన కఫ్‌లో 200 దాకా కొట్టి, స్క్రూ బిగించి, కాసేపు కుదురుకోనివ్వండి. ఆ తర్వాత నిమిషానికి 4 మి.మీ. కంటే ఎక్కువ పడితే లీకున్నట్టే.

ఎక్కడో కనిపెట్టాలంటే కఫ్ నుంచి బల్బ్‌కు వెళ్లే ట్యూబును కఫ్ దగ్గరే మడిచి పట్టుకోండి. ముల్లు ఆగితే తప్పు బల్బ్ వైపు. ఆగకపోతే గేజ్ ట్యూబును మడవండి. అప్పుడూ ముల్లు పడుతుంటే గేజ్ లేదా దాని ట్యూబు, ఆగితే కఫ్ లోపలి రబ్బరు సంచి. అతుకుల మీద సబ్బు నీళ్లు పూస్తే బుడగలు సాక్ష్యం చెబుతాయి. కనెక్టర్‌కు తొడిగే చోట ట్యూబు చిట్లడం మామూలే. ఆ చివర సెంటీమీటరు కోసి మళ్లీ తొడిగితే సరి. సంచికి చిల్లు పడితే పంక్చర్ అతుకు వేయకండి, మార్చేయండి.

బల్బ్‌లో రెండు చోట్ల వాల్వులుంటాయి. తోక వైపున్నది బయటి గాలిని లోపలికి మాత్రమే రానిస్తుంది. నొక్కినప్పుడు గాలి వెనక నుంచే తన్నుకొస్తుంటే దాంట్లో దుమ్మో, దారపు పోగో ఇరుక్కున్నట్టు. మెత్తటి బ్రష్‌తో తుడవండి. ముందు వైపు, గాలి వదిలే స్క్రూ దగ్గర ఇంకోటి. అది పాడైతే కఫ్‌లోని గాలి వెనక్కొచ్చి బల్బ్ రాయిలా గట్టిపడుతుంది. రబ్బరుకు నూనె, గ్రీజు తగలనివ్వొద్దు.

కఫ్ గుడ్డ ఉతికేటప్పుడు సంచి తీసేయాలి. తిరిగి పెట్టేటప్పుడు మడత పడకుండా చేత్తో సర్దండి. ఇంకో మాట. సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే గేజ్ నిక్కచ్చిగా ఉన్నా బీపీ ఎక్కువే చూపిస్తుంది. చెయ్యి గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు కిందకు వేలాడినా దాదాపు 8 మి.మీ. కలుస్తుంది. కాబట్టి తేడా వచ్చిన ప్రతిసారీ మిషన్‌ను తిట్టకండి.

ఇందులో ఉద్యోగముందా?

డిజిటల్ వచ్చాక ఇదెవరికి కావాలని మీరు అడగొచ్చు. 2017లో ఐదు రాష్ట్రాలతో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది, దాంట్లో వాడేది డిజిటల్ మిషన్లే. కానీ గుండె లయ తప్పిన వాళ్లకు డిజిటల్ అంకె తడబడొచ్చు. అప్పుడు చెవితో వినే పద్ధతే దిక్కు. పైగా డిజిటల్‌లో కూడా కఫ్, ట్యూబు, లీకు ఇవే. క్యాలిబ్రేషన్ దానికీ తప్పదు.

ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ఆస్పత్రి తన పరికరాల క్యాలిబ్రేషన్ రికార్డులు చూపించాలి. ఆ పని చేసే ల్యాబులకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటుంది, ఐఎస్‌ఓ 17025 ప్రకారం. ఈ ప్రమాణం పేరు రెజ్యుమెలో రాస్తే చాలదు, అందులో ‘అన్‌సర్టెన్టీ’ ఎలా లెక్కిస్తారో చెప్పగలగాలి. సర్కారు దవాఖానల పరికరాల వ్యవహారం రాష్ట్రంలో టీజీఎంఎస్‌ఐడీసీ చూస్తుంది. తయారీ వైపు వెళ్లాలనుకుంటే సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కు, విశాఖలో ఏఎంటీజెడ్ ఉన్నాయి. చదువు సంగతికొస్తే ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ బ్రాంచి ఉంది. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ పెట్టారు. ఐటీఐ ట్రేడ్‌లలో టెక్నీషియన్ మెడికల్ ఎలక్ట్రానిక్స్ ఉంది. నాలాగా మరో బ్రాంచిలో చదివినవాళ్లకు ల్యాబుల్లో ట్రెయినీగా చేరడం దగ్గరి దారి. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చేలా ఉండవు, మొదట్లో ఇంకా తక్కువ. ఆ మాట దాచడం న్యాయం కాదు.

ఇంటర్వ్యూకు వెళ్తే మీరు స్వయంగా చూసిన ఒక మిషన్ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఎడమవైపు అసలు పీడనం, కుడివైపు గేజ్ చూపింది, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. తేదీ, ఆరోజు గది ఉష్ణోగ్రత, నిమిషానికి లీకు ఎంత, ఏ భాగం మార్చారు. అనెరాయిడ్ గేజ్‌ను ఆరు నెలలకోసారి చూడాలి, కింద పడితే ఆరోజే.

మా పైపు ఇంకా మెట్ల గోడకే ఉంది. పోయిన ఆదివారం మేనమామ తన మిషన్ పట్టుకొచ్చాడు. అమ్మ లోపలి నుంచే కేకేసింది: ‘ముల్లు సున్నాకున్నదని ఊరుకోకు, నూటయాభైకి ఎక్కించి చూడు.’