బ్రేకు తాకితే వదలాలి

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హేగర్స్‌టౌన్ చిన్న ఊరు. అక్కడ 1890లో పుట్టిన రాల్ఫ్ టీటర్‌కు ఐదో ఏట ఒక ప్రమాదంలో చూపు పోయింది. అయినా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివి 1912లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నౌకల టర్బైన్ రోటార్లలో తూకం ఎక్కడ తప్పిందో చేతులతో తడిమి పట్టుకున్నాడు. 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఆయన లాయరుకు కారు నడుపుతూ కబుర్లు చెప్పే అలవాటు. తాను మాట్లాడుతున్నప్పుడు కారు నెమ్మదించేది, ఎదుటివారు చెప్పేది వింటున్నప్పుడు వేగం పుంజుకునేది. పక్కన కూర్చున్న టీటర్‌కు ఆ కుదుపులు భరించరానివయ్యాయి. కంటితో స్పీడోమీటరు చూడలేని మనిషి, వేగం మారిన ప్రతిసారీ దాన్ని ఒంటితో తెలుసుకున్నాడు. క్రూజ్ కంట్రోల్ పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇదే.

వేగాన్ని నిలకడగా ఉంచడం అప్పటికి కొత్త విద్య కాదు. 1788లోనే జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. గిరగిర తిరిగే రెండు గుండ్లు వేగం పెరిగితే బయటికి విచ్చుకుని ఆవిరిని తగ్గించేవి. టీటర్ ఇదే సూత్రాన్ని కారులోకి తెచ్చాడు. పెట్టుకున్న వేగం దాటగానే గవర్నర్ కదిలి, ఇంజన్ వాక్యూమ్‌తో పనిచేసే పిస్టన్ యాక్సిలరేటర్‌ను డ్రైవరు పాదం మీదికి ఎదురు నెట్టేది. 1950లో వచ్చిన పేటెంటు సారం ఇదే. ఆ యంత్రం చాలని హెచ్చరించేదే తప్ప తానే కారు నడిపేది కాదు. పాదం తీసేసినా వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు తరవాత చేరింది. దానితోపాటే ఒక బాధ్యతా వచ్చిపడింది: బ్రేకు తాకిన మరుక్షణం ఆ పట్టు వదిలి తీరాలి. 1958లో క్రిస్లర్ తన ఖరీదైన కార్లలో దీన్ని ఆటో పైలట్ పేరుతో అమ్మింది. క్రూజ్ కంట్రోల్ అన్న పేరు పెట్టింది కాడిలాక్.

నా దృష్టిలో ఈ యంత్రంలో అసలు పనితనమంతా ఆ వదలడంలోనే ఉంది. మరమ్మతు చేసేవాళ్లు కూడా అక్కడే మొదలుపెట్టాలి. క్రూజ్ పట్టడం లేదంటే చాలాసార్లు అది చెడిపోయినట్టు కాదు. ఎక్కడో ఏదో అనుమానం తగిలి, పట్టుకోవడానికి నిరాకరిస్తోంది. అందుకే ముందు చూడాల్సింది కారు వెనక భాగం. పెడల్ నొక్కితే బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా? వదిలాక ఆరుతున్నాయా? పెడల్ పైనుండే స్విచ్ అరిగినా, పక్కకు జరిగినా, కంప్యూటర్‌కు డ్రైవరు బ్రేకు మీదే కాలు పెట్టుకున్నట్టు తెలుస్తుంది. కొన్ని పాత కార్లలో క్రూజ్‌ను నడిపే మాడ్యూల్ బ్రేకు బల్బుల ఫిలమెంట్ గుండానే సర్క్యూట్‌ను పరీక్షించుకుంటుంది. వాటికి ఎల్‌ఈడీ బల్బులు వేస్తే లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతాయి, క్రూజ్ మాత్రం మూగబోతుంది.

క్రూజ్ ఒక్కటే చెడిందా, తోడుగా ఇంకేమైనా చెడిందా అన్నది తరవాతి ప్రశ్న. హారన్ కూడా మోగక, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంటే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు. స్పీడోమీటరు ముల్లు ఊగిసలాడితే స్పీడ్ సెన్సర్ని అనుమానించాలి. వాక్యూమ్‌తో నడిచే పాత రకంలో ఎత్తు ఎక్కేటప్పుడు వేగం జారిపోతుంటే రబ్బరు గొట్టాలను వేలితో తడిమి పగుళ్లు వెతకాలి. కొత్త కార్లలో చాలావాటికి ఇంజన్‌లో లోపం నమోదైతే క్రూజ్‌ను ఆపేసే ఏర్పాటుంది. స్కానర్ పెట్టకుండా స్టీరింగ్ మీటలు మార్చడం డబ్బు దండగ.

బ్రేకు స్విచ్ వైర్లు రెండూ కలిపేసి క్రూజ్ పనిచేసేలా చేస్తామనేవాళ్లు ఎదురైతే బండి ఇవ్వకండి. వాళ్లు తీసేసేది, యంత్రం పట్టు వదిలే దారినే.

ఆ దారిని ఎంత పకడ్బందీగా కట్టాలో ఫోర్డ్ అనుభవం చూపిస్తుంది. పెడల్ స్విచ్ విఫలమైనా క్రూజ్ ఆగేలా, 1990ల్లో ఆ కంపెనీ చాలా మోడళ్లలో బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే రెండో స్విచ్ పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ ఆయిల్‌నీ కరెంటునీ వేరుచేసేది కాప్టన్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర. వాడకంలో అది చిట్లితే ఆయిల్ కరెంటు వైపుకు చేరి లోహాన్ని తినేసేది. చాలా వాహనాల్లో ఆ స్విచ్‌కు తాళం తీసినా కరెంటు అందుతూనే ఉండేది. దాంతో షెడ్లలో ఆపి ఉంచిన బండ్లు కూడా అంటుకున్నాయి. మరమ్మతుకు బండ్లను వెనక్కి పిలిచే రీకాల్‌లు 1999లో మొదలై 2009 దాకా సాగి, కోటికి పైగా వాహనాలకు విస్తరించాయి. 2009 అక్టోబరు ప్రకటన ఒక్కదానిలోనే దాదాపు 45 లక్షలు. విడిభాగాలు దొరికేలోగా డీలర్లు ఎంతోమందికి ఆ స్విచ్ తీగ ఊడదీసి పంపారు. క్రూజ్ లేకపోయినా ఇల్లు కాలదు. తరవాత చేసిన మరమ్మతు ఆ తీగకు ఫ్యూజు ఉన్న చిన్న హార్నెస్ కలపడమే. ఆయిల్ కారి కరెంటు మితిమీరితే ఫ్యూజు పోయి సరఫరా ఆగిపోతుంది. అమెరికాలో ఆ కాలపు ఫోర్డ్ పికప్‌నో లింకన్‌నో సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునే మనవాళ్లు ముందు బండి నంబరుతో రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకుని, ఆపైన బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్ పక్కన ఆ ఫ్యూజు తీగ ఉందేమో వెతకాలి.