తణుకు నుంచి దారులు వెతికే చిప్పు

చూడండర్రా, తణుకులో రైలెక్కి ఏలూరు వెళ్ళాలి. ఎవర్నడిగినా నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు అని చెప్పేస్తారు. భీమవరం, ఆకివీడు, గుడివాడ చుట్టి బెజవాడ మీదుగా వచ్చినా ఏలూరే వస్తుందనుకోండి, ఓపికుంటే. మనకి మ్యాపు చూడగానే తెలిసిపోతుంది. కంప్యూటరుకి మ్యాపు కనబడదు. దాని దగ్గరున్నదల్లా ఏ స్టేషను పక్కన ఏవేవి ఉన్నాయన్న జాబితా. ఇలా చుక్కలు, వాటిని కలిపే గీతలు ఉన్నదాన్ని గ్రాఫు అంటారు.

దారి వెతకాలంటే ముందు తణుకు పక్కవి చూడాలి: అటు నిడదవోలు, ఇటు భీమవరం. (పెద్ద స్టేషన్లే తీసుకున్నాను, అత్తిలివాళ్ళు ఏమీ అనుకోవద్దు.) రెండో వరసలో గూడెం, కొవ్వూరు, పాలకొల్లు, ఆకివీడు. మూడో వరసలో ఏలూరు తగిలింది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు వదిలితే ఒక కాలువ నిండాక ఇంకో కాలువకి పోవు కదా, అన్నిట్లోకీ ఒకేసారి మళ్ళుతాయి. మామూలు ప్రాసెసరుది మాత్రం వంతులవారీ వ్యవహారం. చుక్కలు పదైతే పరవాలేదు. కోటి ఉంటే, లెక్క కన్నా మెమరీలో ఏ మూలో ఉన్న పక్క చుక్కని వెతికి తెచ్చుకోడానికే పొద్దుపోతుంది.

2007లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పవన్ హరీష్, పి.జె. నారాయణన్ ఈ పనిని, ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెప్పారు. 600 డాలర్ల కార్డు. కోటి చుక్కల గ్రాఫులో ఒక చుక్క నుంచి మిగతా అన్నిటికీ దగ్గరదారులు 1.5 సెకన్లలో తేల్చేసింది. వాళ్ళన్న ఇంకో మాట నాకు మరీ నచ్చింది: వంతులవారీగా చేస్తే అన్నిటికన్నా మేలైన పద్ధతి, ఆ కార్డు మీద ఒక్కోసారి వెనకబడుతుందట.

కార్డులో తీగలు ఫ్యాక్టరీలో వేసినవే, మార్చలేం. ఎఫ్‌పీజీఏ అనే చిప్పులో మార్చుకోవచ్చు. 1985లో అమెరికాలో జైలింక్స్ కంపెనీ 64 గడులతో ఇలాంటి మొదటి చిప్పు అమ్మింది. ఇప్పటి చిప్పుల్లో లక్షల గడులుంటాయి. ఒక్కో గడిలో చిన్న పట్టిక: ఆరు తీగలు లోపలికి, 64 జవాబుల్లో ఒకటి బయటికి. గడుల మధ్య తీగలు పరిచే ఉంటాయి. ఏది దేనితో కలవాలో స్విచ్చులు చూసుకుంటాయి. పని మారితే స్విచ్చులు మారుస్తాం, అంతే.

ఇక దారి వెతకడానికి చుక్కని తేవడం, ముందే చూశామా అని అడగడం, చూడకపోతే వరసలో పెట్టడం — ఒక్కోదానికీ విడిగా గడులు కేటాయిస్తాం. ఒక చుక్క రెండో పనిలో ఉండగానే తర్వాతది మొదటి పనిలోకి దిగుతుంది. అలాంటి వరసలు పక్కపక్కనే ఎన్నో. గడియారం కొన్ని వందల మెగాహెర్ట్జే, మామూలు ప్రాసెసరుది దానికి పదింతలు. అయినా చాలాసార్లు ఇదే నెగ్గుతుంది. మెమరీకి దారి ఇరుకైతే మాత్రం ఎన్ని వరసలు కట్టినా చేతులు ముడుచుకు కూర్చోవలసిందే.

ఇంకో చిక్కుంది. స్విచ్చుల కొత్త అమరిక తయారుకావడానికి గంటలు పడుతుంది. పూటకో రకం లెక్క చేసేవాళ్ళకి ఇది గిట్టుబాటు కాదు. చేసిన లెక్కే లక్షసార్లు చేసేవాళ్ళకైతే ఆ గంటలు ఒక లెక్కలోవి కావు.