ఉన్ని దుస్తులకు కుంకుడు రసం

చలికాలం రాగానే పెట్టెల అడుగునుండి స్వెట్టర్లు పైకి వస్తాయి. వాటితోపాటు కలరా ఉండల ఘాటూ వస్తుంది. ఆ ఘాటునే శుభ్రతకు గుర్తుగా భావించే గృహిణులు అనేకులు. ఒకప్పుడు నేనూ అట్లే భావించితిని.

ఒక మార్గశిర మాసంలో ఒక పెద్దావిడ ఇరవై రోజుల మనుమణ్ణి ఎత్తుకుని వచ్చింది. “కళ్ళు పచ్చబడ్డాయి, కాస్త పసరు పోయండి అయ్యగారూ” అన్నది. బిడ్డ పాలు తాగడం లేదు. ఒంటిపై అన్నకు అల్లిన పాత స్వెట్టరు. దానినిండా కలరా ఉండల వాసన. నాలుగు రోజుల క్రితమే పెట్టెలోనుండి తీసి తొడిగారట. నేను పసరు పోయలేదు. వెంటనే పిల్లల ఆసుపత్రికి పంపాను. రక్తపరీక్షలో జి-6-పి-డి అనే ఎంజైము లోపం బయటపడింది. ఈ పుట్టులోపమున్న శిశువులకు ఆ ఉండలలోని నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి, ప్రాణాపాయం కలుగవచ్చు. రక్తమెక్కించిన పిమ్మట బిడ్డ దక్కాడు. ఆ రాత్రే మా ఇంటి పెట్టెలోని ఉండలను పారవేయించాను.

మరి పురుగు మాటేమిటి? ఉన్నిని కొరికేది ఎగిరే రెక్కల పురుగు కాదు, దాని గుడ్లనుండి పుట్టే సన్నని పురుగు. చెమట, పాలమరకలు అంటిన ఉన్ని దానికి మరింత ప్రీతి. కనుక శుభ్రంగా ఉతికి దాచుటయే ప్రధాన రక్షణ.

ఉన్ని వెంట్రుక జాతి. వేడినీరు, రుద్దుడు తగిలితే పోగులపై పొలుసులు పెనవేసుకుని దుస్తు కుంచించుకుపోతుంది. సోడా సబ్బు దానిని పాడుచేస్తుంది. మా గురువుగారి కంబళికి ఏటా కుంకుడు రసమే వాడేవారం. సంస్కృతంలో కుంకుడుకు ‘ఫేనిలం’ అని పేరు. నురుగు నిచ్చేదని అర్థం.

ఉతికే విధానం: ఒక స్వెట్టరుకు పది పన్నెండు కాయలు గింజ తీసి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం పిసికి, పలుచని బట్టతో రెండుమార్లు వడకట్టాలి. రసం కంట పడనీయరాదు. లేతరంగు ఉన్నికి మరక పడవచ్చు గనుక ముందు లోపలి అంచున పరీక్షించాలి. అర బకెట్ గోరువెచ్చని నీటిలో రసం కలిపి, స్వెట్టరును తిరగవేసి పది నిమిషాలు ముంచి, అరచేతులతో మెల్లగా అదమాలి. అంతే వెచ్చని నీటితో మూడుమార్లు జాడించాలి. పిండరాదు. పొడి తువ్వాలులో చుట్టి నొక్కి, మంచంపై దుప్పటి పరచి నీడలో ఆరబెట్టాలి. దండెంపై వేస్తే నీటి బరువుకు సాగిపోతుంది.

దాచే విధానం: పూర్తిగా ఆరాక పాత ధోవతిలో మూటకట్టాలి. ఎండిన వేపాకు, వసకొమ్ము మూటలో ఉంచే ఆచారం ఉన్నది; అవి తోడ్పాటు మాత్రమే. నెలకొకసారి దులిపి కాసేపు ఎండ చూపాలి. పసిపిల్లల దుస్తుల్లో ఏదీ ఉంచవద్దు. కలరా ఉండలతో దాచిన వాటిని వారికి తొడగనే వద్దు.

పసికందు కళ్ళు పచ్చబడితే మాత్రం పసరు కోసం వెతకకండి. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వైద్యుడనై చెబుతున్నాను.