మల్లెపూలు, సాంబ్రాణి పొగ, సెంటు సీసా: అపోహలు – వాస్తవాలు

ఏర్పేడు చుట్టుపక్కల వాళ్లకు మల్లె వాసనా, సాంబ్రాణి పొగా కలిసి రావడం కొత్త కాదు. పక్కనే శ్రీకాళహస్తి, ఆ వైపు తిరుపతి. గుడి దగ్గర, పెళ్లింట్లో, శుక్రవారం పూజలో ఆ రెండూ జతగానే ఉంటాయి. అదే జతను పెద్ద ఫ్యాషన్ కంపెనీలు ఇప్పుడు చిన్న సీసాల్లో నింపి వేల రూపాయలకు అమ్ముతున్నాయి. వీటి మీద ప్రచారంలో ఉన్న మాటల్లో చాలావరకు నిజం కావు.

అపోహ: మల్లె సెంటు అంటే పూలను నీళ్లలో కాచి దించిన నూనె.

వాస్తవం: గులాబీకి ఆ పద్ధతి బాగా కుదురుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు బట్టీల్లో మల్లెనూ అలాగే కాస్తారు. కానీ మల్లె, జాజి సుకుమారమైనవి, వేడికి వాటి పరిమళం మారిపోతుంది. అందుకే పెర్ఫ్యూమ్ కంపెనీలకు వెళ్లే సారాన్ని హెక్సేన్ లాంటి ద్రావణితో తీసి, ఆల్కహాల్‌తో కడిగి, మైనాన్ని విడగొడతారు. కిలో సారానికి వందల కిలోల పూలు కావాలి. పొద్దున కోసిన మల్లెమొగ్గను నలిపి చూడండి, పచ్చి ఆకు వాసనే ఎక్కువ. సాయంత్రం విచ్చుకునేటప్పుడే పువ్వు పరిమళాన్ని తయారు చేసుకుంటుంది. తమిళనాడులోని కర్మాగారాలు మొగ్గలు విచ్చేదాకా ఆగేది అందుకే.

అపోహ: మంచి సెంటులో చెడు వాసన ఉన్న పదార్థమేదీ ఉండదు.

వాస్తవం: మల్లెలో సహజంగానే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. విడిగా, గాఢంగా చూస్తే అది కలరా ఉండల్లా ఘాటు కొడుతుంది. ఆ కొంచెం ఇండోల్ లేకపోతే మల్లె వాసన సబ్బు వాసనలా పలచబడిపోతుంది.

అపోహ: పొగ వాసన కోసం సెంటుకు పొగ పట్టిస్తారు.

వాస్తవం: సీసాలో పొగ ఉండదు. బిర్చ్ చెట్టు బెరడును గాలి తగలకుండా కాల్చి తీసిన తారును శుద్ధి చేసి వాడతారు. వట్టివేరు నూనె మట్టివాసనతో పాటు కాస్త పొగఛాయనూ ఇస్తుంది. సాంబ్రాణి ఆగ్నేయాసియా చెట్ల బంక. నిప్పుల మీద వేస్తే పొగ చిమ్ముతుంది గానీ, సెంటులో కలిపితే వెనిల్లాలా తియ్యగా ఉంటుంది. తెల్లపూల తీపి మొహం మొత్తకుండా పొగఛాయ ఆపుతుంది. ఈ రెండూ జత కుదరడానికి కారణం అదే.

అపోహ: మన ఎర్రచందనం విదేశాలకు తరలేది సెంట్ల కోసమే.

వాస్తవం: ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ సువాసనే లేదు. సువాసన ఇచ్చేది శ్రీగంధం, అది వేరే చెట్టు. శేషాచలం కొండల ఎర్రచందనానికి గిరాకీ దాని ఎర్రని చేవ వల్లే. చైనా, జపాన్‌లలో ఆ కలపతో సామాను, వాద్యాలు చేస్తారు. దాన్నుంచి శాంటలిన్ అనే రంగు కూడా తీస్తారు. 1995 నుంచి, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. లేని వాసన పేరు చెప్పి దానికి ఇంకో గిరాకీ అంటగట్టడం మంచిది కాదు.

అపోహ: సహజమైనది క్షేమం, రసాయనం హానికరం.

వాస్తవం: మల్లెసారం కొందరి చర్మానికి పడదు. అందుకే అంతర్జాతీయ ప్రమాణాలు దాని మోతాదుకు హద్దు పెట్టాయి. సాంబ్రాణి పొగలోనూ సన్నని రేణువులుంటాయి, ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో కిటికీలు తెరిచే వేయాలి. మరోవైపు, జాజి జాడను పోలిన హెడియోన్ అనే పరిమళ రసాయనం ప్రయోగశాలలో పుట్టింది. 1966లో డియోర్ సంస్థ సెంటు 'ఓ సోవాజ్'లో అది చేరాక పెర్ఫ్యూమ్ తయారీ తీరే మారింది.

అపోహ: మణికట్టుకు రాసి రుద్దితే సెంటు అణువులు విరిగిపోతాయి.

వాస్తవం: అణువులు విరగవు. రాపిడి వేడికి పైపై వాసనలు త్వరగా ఎగిరిపోతాయి, అంతే.

కొనేటప్పుడు మూత దగ్గర వాసన చూసి తేల్చుకోవద్దు. చర్మానికి కొద్దిగా రాసి, కనీసం అరగంట ఆగండి. మొదటి ఘుమఘుమ తగ్గాక పూలూ పొగా ఒకదాన్నొకటి మింగకుండా నిలిచాయా లేదా చూడండి. డబ్బు పెట్టాల్సింది ఆ కూర్పుకే, సీసా మీది పేరుకు కాదు.