రేయి రాగములు – పది గంటల శాసనము

పుణె నగరమున ఏటేట డిసెంబరు మాసమందు జరుగు సవాయి గంధర్వ సంగీతోత్సవమును గూర్చి వినని సంగీతప్రియు లరుదు. కిరానా సంప్రదాయమునకు వన్నె తెచ్చిన రాంభావు కుందగోళ్కరుగారి బిరుదమే సవాయి గంధర్వుడు. వారు 1952లో దివంగతులైరి. మఱుసటి యేడు వారి శిష్యులు భీమసేన జోషిగారు గురుస్మరణార్థమై యీ యుత్సవమును నెలకొల్పిరి. 2011లో భీమసేనులును గతించిన పిమ్మట వారి పేరు కూడ ఉత్సవనామమున చేరినది.

ఈ విద్య మన కన్యమని తలపరాదు. సవాయి గంధర్వుల గురువు అబ్దుల్ కరీంఖాను సాహేబుగారు త్యాగరాజస్వామివారి ఖరహరప్రియ కీర్తన నొకదానిని గ్రామఫోను పలకపై పాడియున్నారు. గురువు ఉత్తరదేశపు మహమ్మదీయుడు, శిష్యుడు కన్నడిగుడు, పాడినది తెలుగు కీర్తన, ఉత్సవము సలుపునది మరాఠీ నగరము. ఎల్లలు గీయుటకు పూనుకొనువారు రాగమునకు మాత్రము ఎల్ల గీయజాలరైరి.

పూర్వ మీ యుత్సవము రాత్రి యెల్ల సాగెడిది. హిందూస్థానీ పద్ధతియందు రాగమునకు వేళ కలదు. మాల్కౌంసు, దర్బారీ కానడ రాగములు నిశిరాత్రమునకు చెందినవి, లలిత రాగము వేకువజామునది, భైరవము ప్రాతఃకాలమునది. రాత్రి యెల్ల మేలుకొని వినువాడు ఈ రాగముల వెంట కాలము నడకను చెవితో కనుగొనును. అందుచేత తెల్లవాఱ్లు కచేరీ జరుపుట యాడంబరము గాదు; ఆ విద్యయొక్క నిర్మాణమే యట్టిది.

ఇప్పుడో, పది గంటలైన కచేరీ ముగియవలెను. ప్రభుత్వము వారు ప్రత్యేకానుమతి నిచ్చిన దినములందు అర్ధరాత్రము వఱకు. మేము పోయిననాడు, విలంబితమున రాగమును మెల్లమెల్లగా విప్పుచుండిన గాయకుడు గడియారమువైపు చూచి, చటాలున ద్రుతమున కెక్కెను. మా ప్రక్కను కూర్చుండిన వృద్ధుడు, తరతరములుగా పుణెలో స్థిరపడిన తెలుగు పద్మశాలీ కుటుంబమువాడు, నిట్టూర్చి యిట్లనెను: “బాబూ, మా పడుచుతనమున కంబళి కప్పుకొని కూర్చుంటే భైరవము వినియే యింటికి పోయేవారము. నా మనుమడు భైరవము నెఱుగును, కాని తెల్లవాఱుజామున దానిని సభలో కూర్చుండి వినలేదు.”

ఈ నిట్టూర్పు న్యాయమైనదే. కాని శాసనమును నిందించుటకు ముందు దాని పుట్టుకను తెలిసికొనవలెను. పర్యావరణ రక్షణ చట్టము ననుసరించి 2000 సంవత్సరమున శబ్దకాలుష్య నియమములు వెలువడినవి. రాత్రి పది మొదలు ఉదయ మాఱు వఱకు ధ్వనివర్ధకములు నిషిద్ధములు. నివాస ప్రాంతములకు రాత్రి పరిమితి 45 డెసిబెల్లులు. 2005 జులైలో సుప్రీము కోర్టువా రీ విషయమై తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యమునకు మూలమైనది పదుమూడేండ్ల బాలికయొక్క దురంతము. ఆ బిడ్డ అత్యాచారమునకు గుఱియై వేసిన కేకలు పొరుగున మ్రోగుచుండిన ధ్వనివర్ధకపు పాటల హోరులో నెవ్వరికిని వినబడలేదు. ఈ మాట చదివిన పిమ్మట ‘మా పాటకు మాత్రము అడ్డు రావలదు’ అని వాదించుటకు న్యాయవాదులమైన మాకును నోరు రాదు. రోగికిని, పసిబిడ్డకును, వేకువనే పనికి పోవు కూలివానికిని నిద్ర హక్కే. జీవించు హక్కులో నిశ్శబ్దపు హక్కును గలదని న్యాయస్థానమువారు చెప్పినది సత్యము.

అయితే యా నియమములలోనే రెండు తలుపులు తెఱచియున్నవి. మొదటిది: ఉత్సవ సందర్భములందు సంవత్సరమునకు పదునైదు దినములు మించకుండ, అర్ధరాత్రము వఱకు రాష్ట్ర ప్రభుత్వము వారు అనుమతి నీయవచ్చును. ఇది రేయి రాగములకు చాలదు. మాల్కౌంసునకు కొంత చోటు దొరకును గాని లలితమునకు దొరకదు. రెండవ తలుపు పెద్దది: నాలుగు గోడల నడుమ, మూసిన మందిరములో, లోపలివారికి వినబడునంత మాత్రమే ధ్వనివర్ధకమును వాడుటను నియమము నిషేధింపదు. కలకత్తాలో 1952లో పుట్టిన డోవర్ లేను సంగీతసభ వారు నజ్రుల్ మంచ్ అను మందిరమున రాత్రి కచేరీల సంప్రదాయమును నిలుపుకొన్నారు. కావున మనకు లోపించినది చట్టములో గాదు, ఇటుకలలో. శబ్దము వెలికి పోని కప్పుగల విశాల మందిరము లేకుండుటయే లోపము. వేలకొలది జనులు మైదానమున పందిరి క్రింద కూడుట యానందమే. కాని యా యానందమును ఇరుగుపొరుగువారి నిద్రతో కొనరాదు.

తెలుగువారి కీ విషయము మఱింత దగ్గఱిది. మన కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగున భామాకలాపమును రాత్రుల తరబడి యాడిరి. తమిళదేశమున తంజావూరు చెంత మెలట్టూరులో మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారు రచించిన తెలుగు నాటకములు నృసింహజయంతి వేళ నేటికిని ఆడబడుచున్నవి. అచ్చట ప్రహ్లాద చరిత్ర రాత్రి మొదలై వేకువ వఱకు సాగుట సంప్రదాయము. యంత్రము రాకపూర్వము వీరు కంఠబలముతోను, మద్దెల, తాళములతోను జనులను మేలుకొలిపి యుంచిరి. వినువాడు దగ్గఱకు జరిగి కూర్చుండెడివాడు. నేడు పాటయే వినువానిని తఱుముకొని పోవుచున్నది. ఊరికి చివర నున్నవానికిని వినిపింపవలె నను తహతహ యెప్పుడు పుట్టెనో, అప్పుడే పొరుగువాడు పోలీసు ఠాణా మెట్లెక్కెను.

పుణె, షోలాపురము, బొంబాయి, బెంగుళూరు, మదరాసు, బరంపురము మొదలగు పట్టణములందలి తెలుగు సంఘములవారు ఏటేట పందిళ్లకును తోరణములకును ధనము వెచ్చించుచున్నారు. కొన్నియేండ్ల పందిళ్ల వ్యయమును కూడబెట్టి, ఇతర భాషలవారితో చేతులు కలిపి, ఊరికొక శబ్దభద్రమైన మందిరమును కట్టింపరాదా? పురపాలక సంఘములవారు స్థలమిచ్చి తోడ్పడరాదా? అట్లు చేసినచో వీథిలో పసిబిడ్డ నిద్రించును. లోపల లలితము మేలుకొనును. రెండును ధర్మములే, రెండింటికిని చోటు కల్పించుట పౌరులమైన మన పని.