పటిక నీళ్ళతో గీసిన ఎరుపు

అబ్బయ్యా, ఇంప్రెషనిజం, ఫ్రెస్కో, టెంపెరా అని ఆ పేర్లన్నీ వల్లె వేస్తున్నావే, పరీక్ష అయిన మర్నాడు ఒక్కటైనా గుర్తుంటుందా? బొమ్మ చూసినప్పుడల్లా మూడు సంగతులు అడుగు: రంగు దేనితో చేశారు, దేని మీద వేశారు, ఎంతసేపటికి ఆరింది. శైలి సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

మన వెంకటాచలంలో రైలెక్కి గూడూరు మీదుగా పోతే శ్రీకాళహస్తి. ఈ పాఠానికి అంతకన్నా మంచి బడి నాకు తెలీదు.

ముందు ఒక తేడా తెలుసుకో. కావిరాయి, దీపపు మసి లాంటివి పొడి రంగులు. నీళ్ళలో కరగవు, పట్టి ఉంచడానికి ఏదో ఒక జిగురు కావాలి. గుడ్డు సొన కలిపితే టెంపెరా, నూనె కలిపితే ఆయిల్ పెయింటింగు, తుమ్మజిగురు కలిపితే వాటర్ కలర్. తడి సున్నపు గోడ మీద వేస్తే ఆ సున్నమే గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి గట్టిపడి రంగును పట్టేస్తుంది, అది ఫ్రెస్కో. ఇక అద్దకపు రంగుల దారి వేరు. అవి కరిగి నూలు పోగులోకే దిగిపోతాయి. గడపకు పూసిన పసుపుకీ అరచేతిలో పండిన గోరింటాకుకీ ఎంత తేడానో వీటికీ అంతే.

కాళహస్తి కలంకారీ ఈ రెండో రకం. గంజి పోగొట్టిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ కొరికితే నాలుక వగరుపడుతుందే, ఆ వగరే టానిన్. పాలలోని కొవ్వేమో రంగు పోగు వెంట పాకిపోకుండా ఆపుతుంది. వెదురు పుల్లను మొనదేల్చి, మొనకు కాస్త పైన గుడ్డపీలికలు చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. ఆ ఉండ రంగునీళ్ళు నిండా పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో ఒత్తిన కొద్దీ అవి మొనకు దిగుతాయి. చింతబరికె బొగ్గుతో ముందు ఆనవాలు గీసుకుని, ఆ పైన నల్లగీత దిద్దుతారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమి అది. కలం నుంచి దిగేటప్పుడు వెలిసిపోయినట్టుంటుంది. గుడ్డలోని టానిన్ తగలగానే ఇనుము దానితో కలిసి, చూస్తుండగానే నల్లబడుతుంది.

ఎరుపు ఇంకా అబ్బురం. సీతమ్మకు ఎర్రచీర కట్టించాలంటే చిత్రకారుడు ఎరుపు ముట్టుకోడు. చీర ఉండాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తాడు. తర్వాత గుడ్డ మొత్తాన్నీ చిరువేరు లాంటి ఎర్రవేర్లు వేసి ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాది స్వర్ణముఖి ఏటి నీళ్ళలో కొట్టుకుపోతుంది. పటికలోని అల్యూమినియం ఇటు నూలుకూ అటు వేరులోని అలిజరిన్‌కూ అతుక్కుంటుంది. ఇలాంటి మధ్యవర్తిని మోర్డెంట్ అంటారు. కాల్షియం కూడా తోడైతే ఎరుపు మరీ నిగ్గుదేలుతుంది. గవ్వలూ ఆల్చిప్పలూ అరిగిన సముద్రపు ఇసుకనేలలో పండిన చిరువేరుకు అంత పేరు రావడం ఊరికే కాదు.

ఇప్పుడు శైలి చూడు. ఉడకబెట్టి, ఉతికి, ఎండేసే గుడ్డ మీద వెలుగునీడలు మెత్తగా కలపడం కష్టం. అందుకే ఇక్కడ గీతే ప్రాణం. దిట్టమైన నల్లగీత, దాని లోపల చదునుగా పరిచిన రంగు. దూరం దగ్గర చూపే పర్‌స్పెక్టివ్ లేదు. కథలో ఎవరు ముఖ్యమో వాళ్ళ బొమ్మ పెద్దది. ఇది చేతకాక వేసిన బొమ్మ అనేవాళ్ళ మాట నేనసలు ఒప్పుకోను. సరుకు మారితే శైలీ మారుతుంది. నూనె రంగు నిదానంగా ఆరుతుంది కాబట్టి చిత్రకారుడు రవివర్మ చెంప మీది నునుపును తీరిగ్గా కలపగలిగాడు. 1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబు కనిపెట్టాక ఆరుబయట రంగులు వేయడం సులువైంది. మోనే లాంటి ఇంప్రెషనిస్టులు పొద్దు మారేలోపల వెలుగును పట్టుకోవాలని గబగబా పొట్టి పొట్టి కుంచె గీతలతో వేశారు.

మన తీరపు అద్దకం గుడ్డలు ఉతికినా వెలవకపోవడం చూసి యూరప్ విస్తుపోయింది. ఇంగ్లీషువాళ్ళు 1626లో మనకు దక్షిణాన దుగ్గరాజపట్నంలో కొట్టు పెట్టింది గుడ్డల కోసమే. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించింది కూడా. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరి, తెలుగు నేర్చినవాడే, ఈ అద్దకం పద్ధతంతా విని తన దేశానికి ఉత్తరం రాశాడు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మన్ తారు నుంచి వచ్చే పదార్థంతో అలిజరిన్ తయారుచేశారు. వేరులో ఉన్నదీ వాళ్ళు చేసిందీ ఒకటే అణువు. ఆ తర్వాత చిరువేరు తవ్వేవాళ్ళ బతుకు ఏమైందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

కాళహస్తి పని మాత్రం నిలిచింది. హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు పని నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

నువ్వూ చేసి చూడు. తుప్పు మేకులు వెనిగర్లో వారం నాననియ్యి. కరక్కాయ దొరక్కపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో గుడ్డ ముంచి ఆరబెట్టు, దాని మీద పుల్లతో ఆ మేకుల నీళ్ళు గీయి. గుడ్డ మాత్రం పాతది తీసుకో, అమ్మ చీర జోలికి పోవద్దు. ఆ నలుపు ఎన్ని ఉతుకులు ఉతికినా ఓ పట్టాన వదలదు.